అడగకుండా సేవ్ అయిన వంపు

చిన్నకోడలు గీసిన కౌంటర్‌కి పెద్దకోడలు బొజ్జ పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. డ్రాయింగ్ గదిలో ఇంకెవరూ లేరు. పక్క షెడ్డులో కోత మిషన్ ఆగిపోయింది. చెక్కపొట్టు వాసన మాత్రం తలుపు సందులోంచి లోపలికి వస్తోంది. పెద్దకోడలు తన కంప్యూటర్ ముందు కూర్చుని, అందరి ఫైళ్లూ ఉండే ఉమ్మడి ఫోల్డర్ తెరిచి, అందులోంచి తోడికోడలి డ్రాయింగ్ బయటికి లాగింది. పిల్లల ఆసుపత్రికి రిసెప్షన్ కౌంటర్. తిన్నగా, నిక్కచ్చిగా, వంక పెడదామంటే సందు దొరక్కుండా ఉంది. అసలు ఒళ్లు మండింది అందుకే.

"గీతక్కూడా ఎంత పొగరో!" అనుకుని ముందు అంచు పట్టుకుని ఇవతలికి లాగింది. తిన్నగా ఉన్న చెక్క కాస్తా సుష్టుగా తిని కూర్చున్నవాడి బొజ్జలా ముందుకొచ్చింది. అయినా కడుపు చల్లబడలేదు. పైపలకను నడిమధ్యన పట్టుకుని కిందికి నొక్కింది. నిటారుగా నిలబడ్డ కౌంటర్ నడుం విరిగినట్టు మోకాలి ఎత్తుకి కూలబడింది.

"ఇప్పుడు చూపించవే నీ ఫోటో లాంటి డ్రాయింగ్," అని తనలో తనే నవ్వుకుంది.

ఇది ఆమెకు కొత్త పని కాదు. చిన్నకోడలు గీసిన బీరువాలను తాగినవాడిలా పక్కకి ఒరగబెట్టేది. పుస్తకాల అరలకు కోడికాళ్లు తగిలించేది. ఓసారి డైనింగ్ టేబుల్‌కి తోక కూడా పెట్టింది. తనివితీరా పాడుచేసి, మూసెయ్యబోతే, సాఫ్ట్‌వేర్ మర్యాదగా ఒక ప్రశ్న అడిగేది: మార్పులు సేవ్ చేయాలా? 'వద్దు' అని నొక్కేది. అంతే. తోకలూ కాళ్లూ మాయం. అవతలి మనిషికి నష్టం లేదు, ఇవతలి మనిషికి మంట తగ్గింది. ఆ 'వద్దు' మీద క్లిక్ పడ్డప్పుడు ఆమెకు చన్నీళ్లు తాగినట్టుండేది.

చిన్నకోడలు కాపురానికి రాకముందు ఈ గదంతా పెద్దకోడలిదే. మామగారు బతికున్నప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని, సన్నటి చెక్కబద్దను మూడు మేకుల మధ్య వంచి, వంపు ఎలా తిప్పాలో చేత్తో నేర్పించాడు. తర్వాత కంప్యూటర్ వచ్చినా ఆమె చేతిలో ఆ బద్ద అలాగే ఉండిపోయింది. ఏ వంపైనా మూడు చోట్ల పట్టుకుని తిప్పేది. అంతలో డిజైన్ కాలేజీలో చదువుకున్న చిన్నది వచ్చింది. రెండు తెరలు, తెరల నిండా రంగులు. కస్టమర్లు నోళ్లు వెళ్లబెట్టారు. అత్తగారైతే సరేసరి.

"చిన్నది గీస్తే ఫోటో తీసినట్టుంటుంది," అనేది వచ్చినవాళ్లతో. తర్వాత గుర్తొచ్చినట్టు, "పెద్దది కూడా బాగానే గీస్తుంది లెండి," అనేది.

ఆ 'కూడా' పెద్దకోడలి గొంతులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఇప్పుడు వ్యవహారం ముల్లు దాటి పీకదాకా వచ్చింది. అత్తగారికి మోకాలి ఆపరేషన్. నెలల తరబడి ఇంట్లోనే ఉండాలి. ఆ లోపు డ్రాయింగ్ గది తాళం ఒకరి చేతిలో పెట్టాలి. తాళం ఎవరిదైతే మాట వాళ్లది. ఏ డ్రాయింగ్ షెడ్డుకి వెళ్లాలో, కస్టమర్‌తో ఎవరు కూర్చోవాలో, ఎవరు ఎవరికింద పనిచెయ్యాలో అన్నీ వాళ్లే చెప్తారు. మొన్న అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు అత్తగారు తేల్చేసింది.

"ఆసుపత్రి కౌంటర్ చిన్నదానికిస్తున్నా. ఒడ్డెక్కించిందా, గది దానిది. లేదా, పెద్దదానిది. ఇంక దీనిమీద నా దగ్గర సణుగుళ్లు వద్దు."

అంటే పందెంలో పరిగెత్తేది ఒకతే. రెండోది గట్టు మీద కూర్చుని, పరిగెత్తేది ఎప్పుడు కాలు జారుతుందా అని చూడాలి. పెద్దకోడలు అదే చూస్తోంది.

బొజ్జ కౌంటర్‌ను ఇంకోసారి కళ్లారా చూసుకుని, మూసెయ్యడానికి క్లిక్ చేసింది. వేలు అలవాటుగా 'వద్దు' ఉండాల్సిన చోటికి వెళ్లింది.

అక్కడేమీ లేదు. ఫైలు మూసుకుపోయింది. ప్రశ్న రాలేదు.

మళ్లీ ఫైలు తెరిచింది. బొజ్జ అలాగే ఉంది. వెనక్కి తీసుకునే బాణం గుర్తు నొక్కింది. అది చచ్చిన చేపకన్నులా తెల్లగా ఉంది తప్ప పనిచెయ్యలేదు. పైన మూలలో, నిన్నటిదాకా లేని చిన్న ఆకుపచ్చ గుర్తు వెలుగుతోంది. దాని పక్కన 'ఆటోసేవ్'.

నిన్న తను ఒక ఇంటికి కొలతలకు వెళ్లింది. ఆ సమయంలో ఇక్కడ కరెంటు పోయి చిన్నకోడలు పొద్దున్నుంచీ చేసిన పని గాల్లో కలిసిపోయిందనీ, ఆమె మొగుడు హడావిడిగా కొత్త సాఫ్ట్‌వేర్ వేశాడనీ సాయంత్రం ఎవరో అన్నారు. 'గాల్లో కలిసిపోయింది' అన్న ముక్క విని సంతోషించడంలో మిగతా సగం ఆమె చెవికెక్కలేదు.

వంపును వెనక్కి నెట్టేద్దామని మౌస్ పట్టుకుంది. ముందు ఎంత ఎత్తుంది? లోపల అరలు ఎక్కడున్నాయి? పాడుచెయ్యడానికి కొలతలతో పనిలేదు. బాగుచెయ్యాలంటే కావాలి.

తలుపు భళ్లున తెరుచుకుంది. పెద్దకోడలు చప్పున ఫైలు మూసేసింది.

"అక్కా, పిల్లల ఆసుపత్రి డాక్టరమ్మ అప్పుడే వచ్చేసింది! అన్నం ముద్ద నోట్లోనే ఉంది నాకు," అంటూ చిన్నకోడలు పరుగున వచ్చి తన కంప్యూటర్ మీద వంగింది. ఫైలు తెరవను కూడా తెరవలేదు. పేరు మీద క్లిక్ చేసి నేరుగా ప్రింట్ కొట్టింది. పొద్దున్నే సరిచూసుకుంది కదా, మళ్లీ ఎందుకు చూస్తుంది!

"ఆగు" అన్న మాట పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. భయం ఒక పక్క. ఇంకోపక్క, తనకే సిగ్గనిపించే చిన్న ఆశ. చూద్దాం. పోతే పరువు దానిదే కదా.

అత్తగారు కుంటుకుంటూ వచ్చి ప్రింటర్లోంచి కాగితాలు లాక్కుని, "రా రా, ఎంతసేపు కూర్చోబెడతాం ఆవిణ్ణి," అంటూ ముందుగదిలోకి నడిచింది. వెనకాలే చిన్నకోడలు. పెద్దకోడలు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, ఇవ్వడానికి వచ్చినట్టు గుమ్మం దగ్గర నిలబడింది.

డాక్టరమ్మ కాగితం విప్పింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఇదేంటి?" అంది.

చిన్నకోడలు తొంగిచూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మా దగ్గరికొచ్చే పిల్లలకి కౌంటర్ అంటే గోడే," అంది డాక్టరమ్మ, వేలితో మధ్యలో పల్లాన్ని తడుముతూ. "అమ్మ మాట్లాడుతుంటే కింద నిలబడి చెక్కని చూస్తూ ఏడుస్తారు. ఇక్కడ దించారు చూడండి... పిల్లాడు తన పేరు తనే చెప్పుకోవచ్చు. లోపల కూర్చున్న నర్సు మొహం కనబడుతుంది. ఈ ముందుకొచ్చిన గుండ్రం ఉందే, దీనికి మూలల్లేవు. తలకి తగలదు. జ్వరంతో ఉన్న పిల్లాడు దీనికి ఆనుకుని నిలబడతాడు. ఎన్ని కంపెనీల వాళ్లని అడిగానండీ! ఒక్కడికి తట్టలేదు. ఎవరమ్మా గీసింది?"

అత్తగారి ముఖం వెలిగిపోయింది. "మా చిన్నకోడలండీ."

ఆ క్షణంలో చిన్నకోడలు ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఇది నేను గీసింది కాదు' అంటే అయిపోయేది. పెద్దకోడలు ఆమె నోటివైపే చూసింది. చిన్నకోడలు పెదవి తడుపుకుంది.

"అవును మేడమ్. పిల్లల కోసమే కదా అని... అలా అనుకున్నాను," అంది.

ఇవ్వడానికి తెచ్చిన మంచినీళ్లు తనే గుటుక్కున మింగేసిన పెద్దకోడలికి పొలమారింది.

"వెనకాల మందుల బీరువా, తల్లులు కూర్చునే బల్ల, అన్నీ ఇదే వంపులో రావాలి," అని లేచింది డాక్టరమ్మ. "రేపు మధ్యాహ్నం వస్తాను. అంతా కలిపి ఒకే డ్రాయింగ్‌గా చూపించండి. నచ్చితే మొత్తం ఆసుపత్రి మీదే."

ఆ సాయంత్రం పెద్దకోడలు మరిదిని పట్టుకుంది. చిన్నకోడలి మొగుడే. కంప్యూటర్లూ బిల్లులూ అతని వంతు. సాయంత్రమైతే షెడ్డు గుమ్మంలో కాళ్లు చాపుకుని సేదతీరడం కూడా అతని వంతే.

"నా కంప్యూటర్‌లో ఆ ఆటోసేవ్ తీసెయ్యి."

"అదేంటి వదినా! ఊరంతా అది పెట్టమని నా ప్రాణం తీస్తుంటే నువ్వు తీసెయ్యమంటావేంటి? కరెంటు పోతే లబోదిబోమంటావు."

"నేను అనను. మనిషి ఆలోచించుకుంటూ పది గీతలు గీస్తుంది, తొమ్మిది చెరుపుతుంది. అది ప్రతిదీ దాచుకుంటానంటే ఎలా? నోరు జారిన ప్రతి మాటా గుర్తుపెట్టుకునే ఆడపడుచులా తయారైంది."

"ఆడపడుచు లేని ఇంట్లో అదైనా ఉండనీ అని పెట్టాలే."

"పరాచికాలాపి పని చూడు."

అతను నవ్వుతూ లేచి వచ్చాడు. సెట్టింగుల్లోకి వెళ్లాడు. 'సేవ్' అన్న చోట నొక్కాడు. ఒక చిన్న గడి, దానిలో టిక్కు. టిక్కు తీసేశాడు. ఆకుపచ్చ గుర్తు ఆరిపోయింది.

"ఇంతేనా?" అంది పెద్దకోడలు.

"ఇంతే. నీ కంప్యూటర్ వరకే పోయింది. ఇకమీద నువ్వు ఏ ఫైలు తెరిచినా, మూసేటప్పుడు పాతరోజుల్లోలా అడుగుతుంది. సేవ్ చెయ్యకుండా మూసేసి, తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే మాత్రం నేనుండను."

"నువ్వెప్పుడున్నావు గనక!"

'వద్దు' మళ్లీ తన చేతికొచ్చింది. కానీ కడుపులో మంట మాత్రం ఆ టిక్కుతో పాటు పోలేదు. ఆ వంపు తనది. కోపంతో గీసినా తనదే. మూడు చోట్ల పట్టుకుని మామగారు నేర్పినట్టు తిప్పింది కాబట్టే బొజ్జ కూడా అంత అందంగా వచ్చింది. దాని మీద ఇప్పుడు ఇంకొకరి పేరు. పోనీ నోరు తెరిచి చెబుదామంటే, 'నీ గీత దాని ఫైల్లోకి ఎలా వెళ్లింది' అన్న ప్రశ్నకు జవాబు లేదు.

మర్నాడు పొద్దున్నుంచీ చిన్నకోడలి రెండు తెరల మీదా బొజ్జలే. బీరువాకి పెట్టింది, అది కుండలా వచ్చింది. బల్లకి పెట్టింది, విరిగిన విల్లులా వచ్చింది. ప్రతిదీ చెరిపి మళ్లీ గీస్తోంది. పెద్దకోడలు తన పని చేసుకుంటున్నట్టు నటిస్తూ ఓరకంటితో ఆ కుండల్ని లెక్కపెట్టుకుంటోంది. ఇంత హాయి ఈ మధ్యకాలంలో ఎరగదు.

"అక్కా."

"ఊఁ."

"నిన్న నా ఫైలు ఎవరైనా తెరిచారా?"

"నీ ఫైలుతో నాకేం పని తల్లీ."

"కాదు... ఆ కౌంటర్ వంపు..."

"ఆఁ, వంపుకేమైంది? నువ్వే కదా గీశావు. పిల్లల కోసం అనుకున్నానని డాక్టరమ్మకు చెప్పావు కూడానూ. నేను విన్నాను."

చిన్నకోడలు ముఖం తిప్పేసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అదే వంపు బీరువాకి కూడా తిప్పడమే కదా," అంది పెద్దకోడలు తియ్యగా. "నీకదెంత పని!"

భోజనాల వేళకి చిన్నకోడలు ఫైలు మూసేసి, కుర్చీ వెనక్కి తోసి, మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, పెద్దకోడలు ఆ ఫైలు తన కంప్యూటర్‌లో తెరిచింది.

మూలలో చూసుకుంది. ఆకుపచ్చ గుర్తు లేదు.

ముందు కుండ బీరువాని చూసి నవ్వుకుంది. దానికి ఇంకో రెండు చెవులు పెడదామనుకుంది. కానీ చెయ్యి చెవుల మీదికి పోలేదు. ఆ కుండను చూస్తుంటే ఎక్కడ తప్పిందో తెలిసిపోతోంది. చిన్నది ఒక్కో సామానుకి ఒక్కో వంపు గీసింది. అసలు అన్నీ కలిపి ఒకే వంపు. కౌంటర్ దగ్గర ముందుకొచ్చిందే బల్ల దగ్గర లోపలికి తగ్గాలి, బీరువా దగ్గర మళ్లీ లేవాలి. గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే పొడవాటి బద్దను వంచినట్టు.

మూడు చోట్ల పట్టుకుంది. తిప్పింది.

వచ్చింది. పిల్లాడు పరిగెత్తుకొచ్చి ఆనుకునే చోట బొజ్జ, తల్లి వీపు ఆనే చోట గుంట, మందులకి చెయ్యి చాచే చోట ఎత్తు. ఎక్కడా మూల లేదు. తను ఇన్నేళ్లలో గీసినవాటిలో ఇంత బాగా వచ్చింది లేదు. గర్వంతో ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే మంట భగ్గుమంది. ఈ గది మొత్తంలో ఇది గీయగలిగింది తనొక్కతే. ఇది ఎవరికీ దొరకదు. మధ్యాహ్నం డాక్టరమ్మ వస్తుంది, చిన్నది కుండలు చూపిస్తుంది, తాళం తన చేతికొస్తుంది.

ఫైలు మూసెయ్యబోయింది. పాతకాలపు మర్యాదతో ప్రశ్న వచ్చింది. మార్పులు సేవ్ చేయాలా?

"అక్కా, 'వద్దు' కొట్టకు!"

పెద్దకోడలు కుర్చీలోంచి ఎగిరిపడినంత పనైంది. చిన్నకోడలు వెనకాలే నిలబడి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి.

"దొంగలా వస్తావేంటి?"

"దొంగతనం ఎవరు చేస్తున్నారో చూద్దామని," అంది చిన్నకోడలు. కళ్లు మాత్రం తెర మీదే. "నువ్వేనని నిన్ననే అనుకున్నా. ఈ ఇంట్లో వంపులు తిప్పేది ఇంకెవరు? ఎన్నాళ్లనుంచి అక్కా, నా డ్రాయింగులు పాడుచేస్తున్నావు?"

"పాడుచేశానా? నిన్న నీకు చప్పట్లు కొట్టించింది ఎవరి గీత?"

"అయితే అత్తయ్యకు చెప్పనా, నువ్వు నా ఫైళ్లలో చేతులు పెడుతున్నావని?"

"చెప్పు. వంపు నీది కాదని కూడా అప్పుడే చెప్పాలి మరి. రెండూ ఒకే నోటితో చెప్పు, వింటాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి పీక ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ అర్థమైంది. తెర మీద ప్రశ్న జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"సేవ్ చెయ్యక్కా," అంది చిన్నకోడలు, ఈసారి మెత్తగా. "డాక్టరమ్మ వచ్చే వేళైంది. నీకు దండం పెడతాను. మనింటికే కదా పేరు."

"మనింటికి పేరు. నీకు తాళం. నాకేంటి?"

"నీకూ నేర్చుకోవడానికి..." అని ఆగిపోయింది. ఆ మాట ఎంత తప్పో నోట్లోంచి వచ్చాక తెలిసింది.

"నేను నీ దగ్గర నేర్చుకోవాలా?"

పెద్దకోడలు 'వద్దు' మీద నొక్కింది. పొడవాటి వంపు తెర మీంచి తుడుచుకుపోయింది. కుండలు మాత్రమే మిగిలాయి. చిన్నకోడలు నోటిమీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కాసేపట్లో ముందుగదిలో అందరూ కూర్చున్నారు. చిన్నకోడలి చేతిలో నిన్నటి కాగితమే ఉంది.

"ఏదమ్మా, మిగతావి?" అంది డాక్టరమ్మ.

"అవలేదు మేడమ్. నావల్ల... అవలేదు." కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా పెద్దకోడలి వైపు చూడలేదు, పేరెత్తలేదు.

అత్తగారి ముఖం మాడిపోయింది. అయినా వ్యాపారం తెలిసిన మనిషి, వెంటనే తేరుకుంది. నడుం దగ్గర దోపుకున్న తాళం తీసి, అందరూ చూస్తుండగా పెద్దకోడలి చేతిలో పెట్టింది.

"మీరేం కంగారుపడకండి డాక్టర్ గారూ. చిన్నది కొత్త. ఇవాళ్టినుంచి మా డ్రాయింగ్ గది పెద్దకోడలిది. తనే దగ్గరుండి పూర్తిచేయిస్తుంది."

తాళం వెచ్చగా ఉంది. పెద్దకోడలు గుప్పిట మూసింది. అయిపోయింది. గెలిచింది. ఇంక నోరు విప్పకుండా తల ఊపి ఊరుకుంటే చాలు.

"మంచిది," అంది డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి. "కానీ ఒక్క మాట. కౌంటర్ వంపు జోలికి మాత్రం వెళ్లకండి. మీరు అనుభవం ఉన్నవారే, కాదనను. అయినా అలాంటి గీత అందరి చేతికీ రాదు. మిగతా సామాన్లకి మీరు ఆ అమ్మాయి వంపు చూసి దించుకోండి, చాలు."

పెద్దకోడలు తల ఊపింది. సగం ఊపింది.

"చూసి... దించుకోవాలా?"

"అదే, ఆ అమ్మాయి పక్కన కూర్చుని..."

"ఆ వంపు నాది!"

అన్నది తనేనని పెద్దకోడలికే ఆలస్యంగా తెలిసింది. అయినా మాట ఆగలేదు. చిన్నకోడలి చేతిలోని కాగితం బల్ల మీద తిరగేసి, డాక్టరమ్మ జేబులోంచే పెన్ను లాక్కుని, ఒక్క ఊపులో గీసింది. కౌంటర్ దగ్గర ముందుకు, బల్ల దగ్గర లోపలికి, బీరువా దగ్గర పైకి. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ఇదండీ మీ ఆసుపత్రి. దించుకోవాలట, దించుకోవాలి! దీన్ని చూసి ఎవరు దించుకోవాలో ఇప్పుడు చెప్పండి."

డాక్టరమ్మ ఆ గీత వెంట కళ్లతో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచింది. "ఇదే," అంది. "నాకు కావలసింది ఇదే."

అత్తగారు మాత్రం గీతను చూడలేదు. కోడలి ముఖం చూస్తోంది.

"నీ గీతైతే, చిన్నదాని ఫైల్లో ఏం చేస్తోంది?"

జవాబు లేని ప్రశ్న రానే వచ్చింది. పెద్దకోడలు చిన్నకోడలి వైపు చూసింది. చిన్నకోడలు చూపు దించుకుంది. ఇంక దాచడానికేమీ మిగల్లేదు.

"కోపమొచ్చి... దాని కౌంటర్‌కి బొజ్జ పెట్టాను అత్తయ్యా. రోజూ ఏదో ఒకటి పెడతాను. పెట్టి, సేవ్ చెయ్యకుండా మూసేస్తాను. నిన్న మాత్రం అది అడక్కుండా సేవ్ అయిపోయింది."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "బొజ్జా! నేను పిల్లల కోసమనుకుంటున్నాను." కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. "మీ ఇంటి సంగతి మీరు తేల్చుకోండి. మిగతాదంతా గీసినావిడే గీయాలి. అంతే నా షరతు."

ఆవిడ కారు కదిలిన చప్పుడు వినబడింది. అప్పుడు అత్తగారు చెయ్యి చాచింది.

"తాళం."

"అత్తయ్యా, అది కూడా అబద్ధమాడింది! నాది తనదని చెప్పుకుంది!"

"చెప్పుకుంది. అది ఒక్కరోజు నోరు మూసుకుంది. నువ్వు రోజూ చెయ్యి పెట్టావు. నేను లేనప్పుడు ఒకళ్ల ఫైళ్లు ఒకళ్లు పాడుచేసుకునే గదిని నీకెలా అప్పజెప్పను? కౌంటర్ నీది. ఎవడడిగినా నీదనే చెప్తాను. గది దానిది."

పెద్దకోడలు గుప్పిట విప్పింది. తాళం అరచేతిలో అచ్చు వేసింది. అది అత్తగారి చేతిలోకి, అక్కణ్ణించి చిన్నకోడలి చేతిలోకి మారింది. చిన్నకోడలు దాన్ని కాలే వస్తువులా పట్టుకుంది.

డ్రాయింగ్ గదిలోకి వచ్చి ఇద్దరూ ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చున్నారు. షెడ్డులో మిషన్ మళ్లీ మొదలైంది. చిన్నకోడలే అడిగింది.

"కాసేపు ఊరుకుంటే సరిపోయేది కదక్కా. తాళం నీ చేతిలోనే ఉంది. నేను కూడా చెప్పలేదు. ఎందుకన్నావు?"

"నీది అన్నారే! నా మొహం మీదే, నా వంపు చూపించి, నీది అన్నారు. ఎలా ఊరుకోను?"

"నాకైతే ఆ తాళం చాలు," అంది చిన్నకోడలు. అని, తెర మీద కుండ బీరువాని చూసుకుని, ఒక నిట్టూర్పు విడిచింది. "చాలని నిన్నటిదాకా అనుకున్నాను. ఇప్పుడు నిన్ను చూస్తుంటే కుళ్లుగా ఉంది."

పెద్దకోడలు తల తిప్పి చూసింది. ఎగతాళి కాదు. నిజంగానే ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్నటినుంచీ తిన్నట్టు లేదు.

"మూడు చోట్ల పట్టుకోవాలంటావే, ఎక్కడెక్కడ?" అంది చిన్నకోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"అన్నీ ఇవాళే కావాలా నీకు? గది ఇన్‌చార్జివి, నువ్వే కనిపెట్టు."

ఆమె కొత్త ఫైలు తెరిచి, తన పేరు పెట్టి, గోడ ఈ చివరనుంచి మొదలుపెట్టింది. చిన్నకోడలు ఊపిరి ఆమె భుజం మీద తగులుతోంది. ప్రతి కదలికనూ కళ్లార్పకుండా చూస్తోంది. రెండు చోట్లదాకా పట్టేసింది కూడా, చూపును బట్టి తెలుస్తోంది. పెద్దకోడలు పెదవి బిగించి, ఆసుపత్రికి అవసరం లేకపోయినా, వంపును బల్ల దగ్గర ఇంకాస్త లోతుగా, పట్టుకోవడానికి ఇంకాస్త కష్టంగా తిప్పింది.